ఇది రోడ్డు కాదు

తెల్లవారుజాము నాలుగున్నర.
జూలియర్ కనుమ దిగి వచ్చి
మంచు తోసే బండి ఆపాను.
ఇంజన్ ఆగింది, చేతుల్లో వణుకు ఆగలేదు.
చలి కాదది, తొమ్మిది గంటల స్టీరింగు.

రాత్రంతా తెలుపే.
దీపాల ముందు తెలుపు, అద్దంలో వెనక తెలుపు,
నేను నెట్టిన చోట
నెట్టక ముందున్నంత తెలుపు.
మా లోయలో మంచుకి చాలా పేర్లున్నాయి.
నేను వాడేది ఒక్కటే,
అది పిల్లల ముందు అనకూడదు.

వంటింట్లో దీపం వెలుగుతోంది.
మెంజియా లేచే ఉంది.
పదకొండేళ్ళు. పైజమా మీద వాళ్ళమ్మ ఉన్నికోటు,
ఒక కాలికి ఎర్ర మేజోడు, ఒక కాలికి చారలది.
"బూట్లు అక్కడే విప్పెయ్ బాప్,
దగ్గరికొచ్చి తల దులపకు.
ఒక్క నీటిచుక్క పడిందంటే
గిన్నెలో అంతా ఇసకైపోతుంది."

ఆవిరి మీద చిన్న గిన్నె.
గిన్నెలో తెల్ల చాక్లెట్.
తెలుపంటే తెలుపు కాదు,
నిన్న చిలికిన వెన్నపూస రంగు.
గోరంత గోరంత ముక్కలుగా కోసిందట.
బొటనవేలికి గుడ్డపేలిక ఎందుకుందో
నేను అడగలేదు, తను చెప్పలేదు.

"మామూలుది లేదా, నల్లది?"
"నోనా తాగేసింది."

పక్కగదిలోంచి దగ్గు. దగ్గు వెనకే మా అమ్మ గొంతు:
"అదీ ఒక చాక్లెట్టేనా!
గింజని ఇంట్లో వదిలేసి
వెన్న ఒక్కతే షికారుకొచ్చినట్టుంది!"

తెల్లనివన్నీ పాలని నమ్మే వయసా నాది?
ఈ రాత్రికి ఇంకో తెలుపు వద్దు తల్లీ,
కాసిని వేణ్ణీళ్ళివ్వు చాలు
అనబోయి ఊరుకున్నాను.
తను నా వంక చూడటం లేదు,
పాల వంక చూస్తోంది.

పక్కింటి యాఖెన్ కొట్టంలో సాయంత్రం పితికిన పాలు,
అందులో అరగ్లాసు చిక్కటి మీగడ.
చూస్తుంటే పొంగవు, తల తిప్పితే ఆగవు.
అంచు చుట్టూ ఆవగింజంత బుడగలు లేవగానే
"ఇంతే, మరిగితే పాడు" అని దించేసింది.
కొంచెం పోసి కలిపింది, ఇంకొంచెం పోసి కలిపింది,
చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చింది.
గరిటె వెనక మెత్తటి దారి పడింది,
పడ్డ దారి పడ్డట్టే పూడింది.
ఆ పని నాకు తెలుసు.

చివర్లో జాజికాయ రెండు గీతలు.
చిటికెడు ఉప్పు.

నవ్వొచ్చింది నాకు.
మలుపు మలుపుకీ ఈ రాత్రి
నాలుగు టన్నులు చల్లానే పిల్లా,
నీకు చిటికెడు సరిపోయిందా!

కప్పులు మూడు.
ఒకటి నాది, ఒకటి తనది.
మూడోదాని మీద సాసరు మూత,
సమేదాన్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
ఏడు గంటల బస్సుకి రావలసిన మనిషిది.
బస్సు వచ్చేది నేను తోసిన దారినే.
ఆ మాట మా ఇంట్లో ఎవరం పైకి అనం.

కప్పు మీద సన్నగా మీగడ కట్టింది,
గాలి లేని రాత్రి మంచు కూర్చున్నట్టు,
ఒక్క ముడతా లేకుండా.
చెంచా తీసుకున్నాను.
ఏమీ ఆలోచించలేదు,
దాన్ని కుడివైపుకి నెట్టేశాను,
అంచుకి, కుప్పగా.

మెంజియా నా మణికట్టు పట్టుకుంది.
"బాప్. ఇది రోడ్డు కాదు.
అది తినాలి."

తిన్నాను.
ముందు తీపి, తర్వాత ఉప్పు,
ఆ తర్వాత పేరు పెట్టలేని వెచ్చదనం ఏదో
గొంతులో నిదానంగా
రెండో గేరులో దిగింది.
చేతులు ఎప్పుడు ఆగాయో చూసుకోలేదు.

కిటికీ అవతల మళ్ళీ మొదలైంది,
ముందు ఒకటి అరా, ఆనక గుంపుగా.
ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి ఫ్లూరిన్.
"పైన మళ్ళీ ఇరవై సెంటీమీటర్లు, దూరీ, వెళ్తావా?"
"పది నిమిషాలు."
"ఏం చేస్తున్నావు?"
ఏం చెప్పను!
"మీగడ" అన్నాను.

బూట్లు తొడుక్కుంటుంటే
వెనక గుమ్మంలో చేతికర్ర చప్పుడు.
మా అమ్మ, కళ్ళు సగమే తెరిచి,
తన సొంత కప్పు తనే పట్టుకుని:
"గిన్నె అడుగున ఏమన్నా మిగిలిందా,
ఆ చాక్లెట్ కానిది?"