ఎడమ చేతిది

చీటీ పాడుకున్న పదకొండు వేలు
రవికలో దోపుకుని పోయినాను
విల్లు కొనేకి.
నాకు నలభై ఒకటి.
నవ్వుకోండి, డిపోలో అందరూ నవ్వేసినారు.

ఎందుకని అడిగితే ఇంట్లో చెప్పలేదు గానీ
రోజుకి ఆరేడొందల మంది
నా మీదికి ఒరగతారు.
ఒక్కటైనా
నా నుంచి దూరంగా, తిన్నగా పోయేది కావాల.

చిత్తూరులో నీవా ఏటి గట్టు దిగితే
బెల్లం మండీ వెనక రేకుల షెడ్డు, వినాయకం మాస్టారుది.
గోడకి వరసగా విండ్లు.
వాటిల్లో ఒకటి నల్లగా, నిగనిగలాడతా,
పూజ చేసిన కొత్త బండి మాదిరి.
ముప్పై ఆరు పౌండ్లంట.
"అదే ఇయ్యండి" అన్నాను.
ఆయన టీ గ్లాసు కడుక్కుంటా
"లాగి చూడు మే" అన్నాడు.

నారి గడ్డం దాకా రాలేదు.
భుజాలు చెవులకెక్కినాయి,
చేతులు వణికినాయి
ఎక్కుడులో గేరు పడని బస్సు మాదిరి.
"దాన్ని నువ్వు లాగతా ఉండావా,
నిన్నది లాగతా ఉందా?"
తీసుకుని మళ్ళీ గోడకి తగిలించేసినాడు.

చేతులు చాపమన్నాడు.
ఈ కొన నుంచి ఆ కొనకి టేపు పెట్టినాడు.
అరవై రెండున్నర అంగుళాలు.
దాన్ని రెండున్నరతో భాగించి
"ఇరవై ఐదు. నీ లాగుడు ఇంతే.
ఇంకొకరిది అడక్కు" అన్నాడు.

మళ్ళీ, రెండు అరచేతులూ కలిపి
మధ్యలో సందు చేసి
ఎదురుగా మండీ బోర్డులో 'బె' చూడమన్నాడు.
చూసినా.
"ఎడమ కన్ను మూయి."
అక్షరం మాయం.
"కుడిది మూయి."
ఉండాది, ఒత్తుతో సహా మిగతా బెల్లమంతా కూడా.
"నీది ఎడమ కన్ను మే. ఎడం చేత్తోనే లాగాల."

ఎడం చెయ్యా?
అన్నం ముట్టుకుంటే అమ్మ గరిటె చూపించిన చెయ్యి.
అది చిల్లరిచ్చిందని
టికెట్టు నా మొహాన కొట్టి
బంగారుపాళ్యంలో దిగిపోయినాడొక పెద్దమనిషి.

షెడ్డంతా వెతికితే
ఎడమ చేతిది ఒకటే ఒకటి.
చెక్కది, పద్దెనిమిది పౌండ్లు,
పిడికి చుట్టిన సైకిలు ట్యూబు,
కింది రెక్క మీద కంపాసుతో గీకిన అక్షరాలు:
లోహిత్, సెవెన్త్ బి.
వాడికి మీసాలొచ్చినాయంట,
పెద్ద విల్లుకి పోయినాడంట.
నాకు ఏడుపొచ్చినంత పనయింది.
చిన్నపిల్లోడి చొక్కా తొడిగినట్టుంది.

కుడి చేత్తో పట్టి
ఎడం చేతి మూడు వేళ్ళు నారి మీద పెట్టి లాగినాను.
వచ్చింది.
దవడ కింద బొటనవేలు ఆనేదాకా
అరుపూ మూలుగూ లేకుండా వచ్చింది.
పదిహేడేళ్ళు మొగిలి ఘాటు మలుపుల్లో
పై కమ్మీకి వేలాడతా
నన్ను నిలబెట్టింది ఈ చెయ్యే.
కుడిది టికెట్లు కొట్టి పేరు తెచ్చుకునింది.

వదిలేద్దామని వేళ్ళు తెరవబోతే
"వదలద్దు!"
రేకులు అదిరేట్టు అరిచినాడు మాస్టారు.
"బాణం లేకుండా నారి వదిలితే విల్లు పగల్తాది.
లాగింది లాగినట్టే మెల్లంగా తీసుకపోయి ఇచ్చేయాల."
ఇచ్చేసినా.
టికెట్టు వెనక రాసిన చిల్లర
మనిషి దిగేలోపల లెక్కపెట్టి ఇచ్చినట్టు.

కొనేది వద్దన్నాడు. ఆర్నెల్లు.
నెలకి రెండొందలు బాడుగ.
వేళ్ళకి తోలుముక్క ఒకటి మాత్రం కొన్నాను, నూటా యాభై.
మిగతా దుడ్లు రవికలో పొడుచుకుంటానే ఉన్నాయి
ఇల్లు చేరేదాకా.

తెల్లారి ఐదున్నర పలమనేరు బండి.
ఘాటు మొదటి మలుపులో
పై కమ్మీ పట్టుకున్న ఎడం చేతిని
కొత్తగా ఎక్కిన మనిషిని చూసినట్టు చూసినాను.
టికెట్టు అడగలేదు.
స్టాఫు కదా.