ప్రాంప్టర్ కుర్చీ

క్లైపెడా ఆస్పత్రి, మూడో వార్డు భోజనాల గది.
బల్లలు గోడకి జరిపితే రంగస్థలం.
బీట్‌రూట్ పులుసు వాసన మాత్రం జరగలేదు.

మొదటిరోజు నా చేతిలో స్టాప్‌వాచ్ ఉంది,
రాజధానిలో పేరున్న నటుల్ని ఏడిపించినది.
వీతెనిస్‌కి నాటకం మొత్తంలో ఒకటే మాట:
"పడవ వచ్చింది."
అది చెప్పడానికి ముందు
అతను పడవ కోసం ఎదురుచూసేవాడు.
నిజంగానే.
కిటికీ దాకా వెళ్ళి, రేవుకేసి చూసి,
తల అడ్డంగా ఊపి
వచ్చి కూర్చునేవాడు.

అరిచాను. ఒక్కసారి కాదు.
మందులకి వణికే రమూనె చేతుల్లో
టీకప్పు గలగలలాడితే
"ఆ చప్పుడు ఆపండి" అన్నాను కూడా.
కప్పు కింద పెట్టి
చేతులు ఒళ్ళో దాచుకుంది.
ఆ రాత్రి ఇంటికెళ్ళే బస్సులో
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చిలో స్టాప్‌వాచ్ పోయింది.
పోయిందంటున్నాను గాని
నర్సు సొరుగులో, సూదుల పక్కన,
నేనే పెట్టి మూశాను.

ప్రదర్శన. ముప్పై ఇద్దరు ప్రేక్షకులు,
సగం మంది డ్యూటీలో ఉన్నవాళ్ళే.
రమూనె కప్పు గలగలలాడింది,
వెనక వరసలో ఎవరో, లంగరు గొలుసు అన్నారు.
వీతెనిస్ కిటికీ దాకా వెళ్ళాడు.
ఒక నిమిషం.
రెండు.
ప్రాంప్టర్ కుర్చీలో నేను,
మాట నాలిక చివరే ఉంది.
మింగేశాను.
ఎవరో దగ్గారు.
నేనూ మెడ సాచి రేవుకేసి చూశాను,
నేనే రాసిన ఆ పడవ
వస్తుందో రాదో
మొదటిసారి నాకు తెలియక.