వర్షాశనం

జీతాల గదిలో గ్రిస్కమ్
ఫారం నా వైపు తిప్పి పెట్టాడు.
సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు.
కిటికీ అవతల సెవర్న్ నది మీద మబ్బు దిగుతోంది.
కవాతు చేసే కుర్రాళ్ల బూట్ల చప్పుడు
నేనొచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది,
పాదాలే వేరు.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ నౌకా అకాడమీలో
గోళ త్రికోణమితి చెప్పాను.
నా కోటుకి ఇత్తడి బొత్తాలు లేవు.
లేచి నిలబడేవాళ్లు, "సర్" అనేవాళ్లు,
కమాండర్‌ని అన్నప్పటి కంటే
ఆ మాట అర అంగుళం పొట్టిగా ఉండేది.

కమాండర్ స్టాడ్లర్ నా పక్క గదిలో మూడేళ్లు పాఠం చెప్పి
మళ్లీ ఓడెక్కాడు.
లాగరిథమ్ పుస్తకం తెరవాలంటే చెమటలు పట్టేవి పాపం ఆయనకి.
ఆయన పెన్షన్ ఆయన హోదా వెంట నడిచొచ్చింది.
నాది నేను కొనుక్కున్నాను,
నెలనెలా జీతంలో పదో వంతు,
చేతికి తగలకముందే కోతపడి.
ఒక ఏడు మేరియన్‌కి పియానో కొనలేదు.
మరో ఏడు వంటింటి కప్పు కారితే గిన్నెలు పెట్టాం.
"ఇదిగో, పియానో వచ్చింది" అంది తను.

గ్రిస్కమ్ పట్టిక తెరిచాడు.
ఎడమ వరుసలో వయసు,
కుడి వరుసలో మిగిలింది.
అరవై ఐదుకి ఎదురుగా పన్నెండు పాయింట్ ఒకటి.
పట్టికలంటే నాకు భయం లేదు,
వాటి మీదే బతికాను,
నక్షత్రం ఎంత ఎత్తునుంటే ఓడ ఎక్కడున్నట్టో.
ఇది మాత్రం
నా ఎత్తు చూస్తున్న పట్టిక.
పాయింట్ తర్వాత ఒకటి అంటే
అయిదు వారాల చిల్లర.
ఏ అయిదు వారాలో,
చలికాలమైతే బావుండదు.

"రెండు దారులు, ప్రొఫెసర్.
మీరున్నన్నాళ్లూ నెలకి నూట నలభై రెండు.
లేదంటే నూట పద్దెనిమిది,
మీ తర్వాత ఆవిడకి అందులో సగం."

ఇరవై నాలుగు డాలర్లు.
"మీ తర్వాత" అన్న మాట ఖరీదు.

నిన్న రాత్రి ఆయిస్టర్లు విప్పుతూ మేరియన్
తలెత్తకుండా అంది:
"పెద్దదే తీసుకో. నేనే ముందు పోతాను,
మా వైపు గుండెలు అంత గట్టివి కావు."
ఎవరు ముందో అని పందెం కాస్తూ
ఇంత నెమ్మదిగా కూర్చుంటారా ఎవరైనా?
కూర్చున్నాం.
ఉప్పు ఇటివ్వమంది.

పట్టిక ఇరవై నుంచి మొదలవుతుంది.
ఇరవైకి ఎదురుగా నలభై ఏడు, చిల్లర.
నా వేలు అక్కడ ఆగింది.
టాలివర్ సుద్దముక్క కొరికేవాడు.
పెటిగ్రూకి జవాబు ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది,
ఎలా వచ్చిందో చెప్పలేకపోయేవాడు, సున్నా వేసేవాణ్ని.
పసిఫిక్‌లో వాళ్ల ఓడ మునిగిన చోటు
అక్షాంశం, రేఖాంశం ఎవరో ఉత్తరంలో రాస్తే
అట్లాస్ తీసి చుక్క పెట్టాను.
చుక్క పెట్టడం వాళ్లకి నేర్పింది నేనే.

"ఈ నలభై ఏడేళ్లు
ఎవరి ఖాతాలో కలుపుతారు గ్రిస్కమ్?"
అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.
"వాళ్లు మిలిటరీ, సర్.
వాళ్లది వేరే పట్టిక."

చిన్న మొత్తం మీద సంతకం పెట్టాను.

గేటు దగ్గర కాపలా కుర్రాడు
నా పాసు అడిగి తీసుకున్నాడు.
పుస్తకంలో రాశాడు: బయటికి, నాలుగూ పది.
పక్కన "లోపలికి" అన్న గడిలో
అడ్డంగా ఒక గీత గీశాడు, స్కేలు పెట్టి మరీ.

ఇల్లు చేరేసరికి చినుకులు.
చిన్నదే తీసుకున్నానన్నాను.
"లెక్కల మాస్టారివి, లెక్క తప్పావు" అంది మేరియన్.
ఆ మూల ఇంకా కారుతూనే ఉంది.
వంగి, గిన్నెని కాస్త ఇవతలికి
జరిపింది.