హాజిర్

పాకాల దాటినంక, బండిబాట సుత తప్పిపోయే కాడ
టేకు దుంగలు దాసే కొట్టమది.
మేం పోయినంక దాన్ని జైలన్నరు.
సుట్టూ ముండ్లతీగె, తీగెకు ఖాళీ డబ్బలు.
ఉడత దుంకినా తుపాకి లేసేది.

పదకొండు మందిమి.
ఒకరి వీపు ఒకరు సూసుకున్నం గని
ఏమైందని ఎవ్వరం అడగలె.
అడుగుడు జమేదారు పని,
చింతబరిగె పని.

మనిషికి దినాం రెండు ముంతల నీళ్లు.
అండ్ల ఒక పుక్కెడు గోడకు.
తాగినట్టే తాగి, బుగ్గల దాసుకొని
మూలకు పోయి ఊంచుడు.
ఎండకాలం. నాలుకె తోలుముక్క అయ్యేది.
"గోడ మొండిది కాదు, దూపగొన్నది"
అన్నది ఈసం రాజక్క.
గోడ మెత్తబడ్డకొద్ది మేం ఎండినం.

పందొమ్మిదో దినం గోడ మొలిచింది.
గడ్డి కలిపి మెత్తిన మట్టిల ఎక్కడిదో ఒక జొన్నగింజ
మా ఎంగిలి తాగి
సూది లెక్క, పచ్చగ, బయటికి తలపెట్టింది.
పదకొండు మందిమి దాని ముంగట కూసున్నం
పురిటింట్ల కూసున్నట్టు.
లాంతరు పట్టుకొచ్చేటోడు సూస్తే ఖతం.
పీకుదామంటే ఎవ్వరికీ చెయ్యి రాలె.
గుగులోతు సోమ్లి వంగి, పండ్లతోని కొరికి
నమిలి మింగింది.
"తియ్యగున్నది" అన్నది.

అమాస ముందటి రాత్రి.
పొద్దు పొడిచేలోపు ఆ బొక్కల నుంచి నలుగురే పట్టేది.
కాళ్లు బాగున్నోళ్లు పోవాలె అనుకున్నం.
నా అరికాళ్లు అప్పటికే జమేదారు పాలైనయి.
నాకు మిగిలింది గొంతు,
జొన్నచేన్ల మంచె మీద
గువ్వతోని గువ్వనై, కంజుతోని కంజునై పిలిచిన గొంతు.

రాత్రి లెక్క వాడు తలుపు కాన్నే నిలబడి తీసుకునేటోడు,
లోపటికొస్తే కంపని.
పేరు పిలుస్తడు. హాజిర్ అనాలె.

ఈసం రాజక్క?
హాజిర్. ముక్కుతోని, కసిరినట్టు.
ఖాసింబీ?
హాజిర్. ఎనుక ఒక దగ్గు.
గుగులోతు సోమ్లి?
హాజి... సగం మాట మింగి.
తాటికొండ వరదమ్మ?
వరదమ్మ ఎప్పుడూ ఆల్శంగ పలికేది.
నేను ఆల్శం చేసిన.
ఆ నడుమ నా గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదో
ఇప్పటిదాంక ఎవ్వరికీ చెప్పలె.

ఆఖరికి నా పేరు పిలిస్తే
నా గొంతు ఎట్లుంటదో యాదికి రాలె.
"మర్ గయీ క్యా?" అన్నడు.
పక్కామె గిచ్చింది.
హాజిర్ అన్న. ఎవరి గొంతుతోని అన్ననో తెల్వది.

డబ్బలు మోగలె.
కోడికూతకు ముందు వాగు దిక్కు రెండు మోతలు.
మూడోదాని కోసం ఊపిరి బిగవట్టినం. రాలె.
రెండంటే ఇద్దరా,
ఒక్కామెకే రెండా?

రాజక్క ఏటూరునాగారం దిక్కు బతికున్నదన్నరు.
ఖాసింబీ ముచ్చట ఎవ్వరూ తేలె.
పదేండ్లకు నర్సంపేట అంగట్ల
చింతపండు అమ్ముకుంట వరదమ్మ కనపడ్డది.
వరదమ్మా అంటే, ఆల్శంగనే పలికింది.
సోమ్లి అద్దాల రవికె వాగొడ్డున దొరికిందని
నీళ్లు మోసేటోడు ఒకడు చెప్పిండు. అంతే.

మొన్న పింఛనుకని తాలూకాఫీసుకు పోయిన.
వరంగల్ నుంచి తెచ్చిన చెదలు పట్టిన రిజిస్టర్ల
గుమాస్త వేలు పెట్టి సదివిండు:
"ఆ రాత్రి పదకొండు మందీ హాజరమ్మా.
పారిపోయినోళ్లు లేరు. సచ్చినోళ్లు లేరు."
తెల్లారి పేజి లేదు,
చింపిండ్రో, చెదలే తిన్నదో.

సోమ్లి తమ్ముని కొడుకు నా పక్కకే నిలబడ్డడు,
మేనత్త సావుకు కాయితం కావాలని వచ్చినోడు.
గా హాజిర్ నాది కొడుకా, అందామని
నోరు తెరిచిన.

వచ్చిన గొంతు
సగం మాట మింగింది.