వక్క ఎగిరిన చోటు

సఖినేటిపల్లి రేవులో
పంటు టిక్కెట్లు చింపేవాణ్ణి నేను.
ఆదివారం ఆదివారం ఆవిడ వచ్చేది,
ఒక కొస ముడేసిన సైకిలు ట్యూబుతో.
గాలి పట్టించి, మూతికి వక్క కుక్కి
"ఇది గొంతు, ఇది పనసగింజ" అనేది.
"అడుగున ఊపిరి ఇంకా మిగిలే ఉంటుందిరా,
దాన్నే పైకి తన్నించాలి."
పిడికిలితో ఒక్క నొక్కు.
వక్క ఎగిరి షెడ్డు రేకుకి ఠంగుమనేది.
మేం నవ్వేవాళ్ళం.
ఆవిడ నవ్వేది కాదు.

డాక్టరు కరుణావతమ్మ.
కొత్త ఉద్యోగంలో, ఏదో లంకలో,
ఒక పిల్లాడి నోట్లో వేలుపెట్టి
తాటిముంజె ముక్కని ఇంకా లోపలికి తోసిందట.
ఆ వేలికి మళ్ళీ ఉంగరం లేదు.
ఈ మాట ఆవిడ చెప్పలేదు, కాంపౌండరు చెప్పాడు.

మొన్న వైశాఖంలో, గోదారి నడిమధ్య,
కాజా నములుతూ కబుర్లాడుతున్న పెళ్ళికొడుకు మావయ్య
ఉన్నట్టుండి ఆగిపోయాడు.
మాట లేదు, దగ్గు లేదు,
రెండు చేతులూ మెడకి.
నీళ్ళన్నారొకరు. నెత్తిన తట్టారొకరు.
"ఎవరో తలుచుకుంటున్నారు" అందొక ముసలమ్మ.
నేను వెనకనుంచి వాటేసుకున్నాను,
బొడ్డుకి పైన, రొమ్ముకి కింద.
ఒకటి.
రెండు.
మూడోదానికి కాజా గోదాట్లో పడింది.

పక్కటెముక చిట్లిందని
నా మీద పంచాయితీ పెట్టారు.
ఆవిడే వచ్చి చూసి,
"ఎముక అతుక్కుంటుంది బాబూ" అంది.
మిగతాది అనలేదు.

నావైపు తిరిగి "ఎన్నోదానికి?" అంది.
మూడన్నాను.
పుస్తకం తీసి రాసుకుంది.
వెళ్తూ పంటుకి టిక్కెట్టు కొంది,
నేను వద్దంటున్నా.