కుట్టు పడిన ఆకు

ఉల్మర్ చచ్చిపోయిన వారానికి
మఠం నుంచి ఇద్దరం వెళ్లాం.
భూమి మాది, కనుక దొర వాటాగా మంచి ఎద్దు.
ఆత్మ కూడా మాదే, కనుక గుడి వాటాగా ఆవు.
రెండు చేతులు చాచాం,
రెండూ ఒకే నల్ల అంగీలోంచి.

ఆవు వెనకే దూడ నడిచొచ్చింది.
దాన్ని రమ్మన్నవాళ్లు లేరు, వెనక్కి తోలినవాళ్లూ లేరు.
లెక్కల చిట్టాలో దాని పేరిట గీత కూడా లేదు.

గునిల్డా గడపలో నిలబడి ఒక్క మాటే అంది:
"దాని ఎడమ డొక్కలో ముల్లు దిగింది.
పందికొవ్వు రాస్తున్నాను, ఇంకా మానలేదు."
నేను తల ఊపాను.
పంతొమ్మిదేళ్లవాణ్ణి,
తల ఊపడం అప్పటికే బాగా వచ్చు.

చలికాలానికి అది చర్మమైంది.
సున్నపు నీళ్లలో పదిరోజులు నానబెట్టి,
చట్రానికి బిగించి, వంకర కత్తితో గీకి గీకి,
వెంట్రుకల వైపేదో మాంసం వైపేదో
వేలికి తప్ప కంటికి తెలియనంత తెలుపు.
నా బల్ల మీదికి వచ్చేసరికి
బఠాణీ గింజంత చిల్లు, చుట్టూ గట్టిపడిన మచ్చ.
ఏడు కుట్లు వేశాను.
సిరా గడ్డకట్టే పొద్దున,
నిప్పు రగిలించకూడని గదిలో,
రొట్టె అనే లాటిన్ మాట
సరిగ్గా అక్కడికే వచ్చి పడింది.
సగం ఈ ఒడ్డున రాశాను, సగం ఆ ఒడ్డున.
పెద్ద గురువు వంగి చూసి
అక్షరాల వంపు బాగుందన్నాడు.

ఏటి మీద మర మాది.
పదహారు కుంచాలకు ఒక కుంచం మాకు,
మరవాడి బొటనవేలు మింగింది కాక.
ఇంట్లో తిరగలి ఉంటే నేరం.
దొరికిన తిరగళ్లన్నీ మోసుకొచ్చి
మా భోజనశాల నేలకు పరిచాం.
రోజూ వాటి మీద నడిచి వెళ్లి
మౌనంగా రొట్టె తింటాం.

నడిరేయి ప్రార్థనకు గంట కొట్టే వంతు నాది.
మోత ఆగాక చెవి ఊరివైపు పెడితే
పొగమంచులో ఎక్కడో
రాయి మీద రాయి,
నిద్రలో ముసలివాడు పళ్లు కొరికినట్టు.
ఎవరింట్లోనో నాకు తెలుసు.
మా అమ్మ ఆ చప్పుడు మధ్యే నన్ను పెంచింది.
నన్ను మఠానికివ్వడానికి మా నాన్న
దొరకు కట్టిన ఆరు పెన్నీలు
అలా విసిరిన పిండివే.

కోతల ముందు శనివారం కచేరీ.
సాక్షి దొరకలేదు, కనుక ప్రమాణం.
పుస్తకం పట్టుకునే పని నాది.
"తెరువు" అన్నాడు అధికారి.
ఆ ఆకు దగ్గర నేనే తెరిచానో
చెయ్యే తెరిచిందో
పాపాలు ఒప్పుకునే చోట కూడా ఇంతవరకూ చెప్పలేదు.

గునిల్డాకు అక్షరం రాదు.
అరచెయ్యి ఆకు మీద మోపింది.
చూపుడువేలు జరిగి జరిగి
కుట్టు మీద ఆగింది.
ఒకటి, రెండు, ఏడు దాకా తడిమింది.
మచ్చ చుట్టూ ఒకసారి తిరిగింది.
తలెత్తి నా మొహంలోకి చూసింది.
నేను ఈసారి తల ఊపలేదు.

గొంతు సవరించుకుని అంది:
"ఈ చేతి కిందున్న దాని మీద ఒట్టు,
నా ఇంట్లో తిరగలి లేదు."

పిడుగు పడలేదు.
అధికారి ముక్కు చీది తరవాతి పేరు పిలిచాడు.
పుస్తకం మూయబోతే
వేలు ఇంకా అక్కడే ఉంది,
ముల్లు దిగినచోట మెల్లగా నిమురుతూ,
కొవ్వు రాస్తున్నట్టు.

ఆ రాత్రి గంట
మామూలుకన్నా చాలాసేపు కొట్టాను,
అరచేతులు బొబ్బలెక్కేదాకా.
పొద్దున పెద్ద గురువు అడిగితే
తాడు తడిసి బిగిసిందన్నాను.