రెండువందల నలభయ్యో ఫ్రేము

పది సెకన్ల గోదారి కావాలన్నారు
పాలకొల్లు రోడ్డులో కొత్తగా మండపం కట్టిన రాజుగారు.
"పెళ్ళికొడుకు వెనకాల గోడంతా పారాలమ్మా,
ఆఖరి బంతి లేచేదాకా ఆగకూడదు."
పది సెకన్లే ఎందుకంటే
ఆయన ఇచ్చేది అంతకే సరిపోయింది.

నర్సాపురంలో లేసు గోడౌను మీద నా గది.
కంప్యూటరు ఊదే వేడికి
ఫ్యాను కూడా ఉక్కపోస్తూ తిరుగుతుంది.
పెట్టెలో నీళ్ళు పోశాను.
పెట్టె అంటే గళ్ళు, గడికో వేగం, గడికో ఒత్తిడి.
నీరంటే లెక్క,
ఎటు వంగాలో పక్క గడినడిగి వంగే లెక్క.
రాత్రంతా రెండరయి
తెల్లారేసరికి వసిష్ఠ పారింది.
అల సరే. సుడి సరే. ఒడ్డు నాకే నురగ కూడా సరే.
రెండువందల నలభయ్యో ఫ్రేము దాటి
మళ్ళీ ఒకటిలో అడుగుపెట్టగానే
ఏరు ఉలిక్కిపడుతుంది,
చీకట్లో లేని మెట్టు తొక్కినట్టు.

నీటికి మొదలు గుర్తుండదు.
అదే గాలి తోసినా, అదే గట్టు అడ్డొచ్చినా
రెండోసారి అదే మడత పడదు.
నేనేమో పడమంటున్నాను.

చివరి నీళ్ళని మొదటి నీళ్ళలో కలిపి చూశాను,
ఇది మాసిపోతుంటే అది తేలేలా.
కలిసిన చోట ఎత్తుని పల్లం మింగేసి
ఏరు కాసేపు నూనె రాసిన గాజయింది.
పది సెకన్లకోసారి
గోదారి ఊపిరి బిగబట్టినట్టు.

సఖినేటిపల్లి వెళ్తూ పంటు మీద
సరంగు ధనకోటికి ఫోన్లో చూపించాను.
చుక్కాని వదలకుండానే చూశాడు.
"ఆయ్, బానే ఉందండి.
ఆ డెక్క మళ్ళీ వచ్చిందేంటండి?"
గుర్రపుడెక్క గుబురు, అందానికి నేనే వదిలింది.
అదే వాలు, అవే నాలుగాకులు.
తప్పే కదా అన్నాను.
"తప్పనలేదండి. పోటుకి మనకాడా ఎనక్కొస్తాదండి.
పొద్దున అంతర్వేది ఏపు పోయింది
మజ్జానానికి ఇదిగో, ఇక్కడే.
కాపోతే ఓ ఆకు ఏదో కొరికేసుంటాది,
ఓ పీత ఎక్కి కూచునుంటాది."
ఎదర ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాడు.

కింద గోడౌన్లో సువార్తమ్మ
గుండ్రటి లేసు అల్లుతోంది, బల్ల మీద పరిచే రకం.
వరస చుట్టి రాగానే
చివరి ముడిని మొదటి ముడిలోకి దింపుతుంది.
అతుకు కోసం వెతికాను. వేలితో తడిమాను.
"అన్ని వరసలూ ఒక్కచోటే కలిపితే
నడిమికి గీత పడిపోద్దే పిల్లా.
ఏ వరసకా వరస ఏరే చోట కలపాల.
కొక్కెం ఎక్కడ దూరిందో నాకే గుర్తుండదు."

ఆ రాత్రి ఏటిని ఒక్కచోట కోయడం మానేశాను.
ఏ నురగ చుక్కకా చుక్క
తన చుట్టు తాను తిరిగొస్తుంది.
పదకొండో ఫ్రేములో ఒకటి,
నూటతొంభై మూడులో ఇంకొకటి.
ఒకటి మాసిపోయే చోట
వెయ్యి మెరుస్తుంటే ఎవరు లెక్కపెట్టారు?
మూడింటికి కరెంటు పోయింది.
నలభై ఫ్రేములు పోయాయి.
మళ్ళీ పోశాను నీళ్ళు.

పొద్దున చూస్తే
ఒకటో ఫ్రేమేదో నాకే తెలియలేదు.

డెక్కని మాత్రం తియ్యలేదు.
వేరే పొరలో పెట్టి వదిలాను.
ఏడోసారి వచ్చేటప్పుడు దాని మీద ఓ పీత ఉంటుంది.
దానికి రాజుగారు డబ్బులివ్వలేదు,
నేనూ చెప్పలేదు.

పెళ్ళిలో ఎవరూ గోడవైపు చూడలేదు.
అక్షింతలు, ఫొటోలు, కుర్చీల గోల.
ముందు వరసలో ఓ పిల్లాడు మాత్రం
"పీత!" అని అరిచాడు.
వాళ్ళమ్మ తలెత్తేసరికి దాటిపోయింది.
"మళ్ళొస్తుందిలేరా, అన్నానికి పద" అందావిడ
చెయ్యి పట్టి లాగుతూ.

డెబ్భై సెకన్లు.
వాడు కదల్లేదు.